పద్నాలుగో పేజీ

నా భర్త రాఘవన్ రాసిన పుస్తకాన్ని చదవగల మనిషి మా ఇంట్లో నేనొక్కదాన్నే. మా వీధి మొత్తానికీ నేనొక్కదాన్నే అనుకుంటాను. ఆ పుస్తకంలో పద్నాలుగు పేజీలు చదివి, అంతా చదివానని ఆయనతో చెప్పాను.

మేం పుదుచ్చేరిలో ముత్తియాల్‌పేట వాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తరతరాలుగా తెలుగే. కానీ బడిలో చదివేది, సంతకం పెట్టేది, పెళ్ళిపత్రిక అచ్చు వేయించేది అంతా తమిళంలోనే. తెలుగు మాకు నోట్లోనే తప్ప కాగితం మీద ఉండదు. నేను సర్కారు బడిలో లెక్కల టీచర్ని. ఉద్యోగంలో చేరిన ఆరో ఏట నన్ను యానాం బదిలీ చేశారు. అక్కడ నాలుగేళ్ళు ఉన్నాను. ఒకటో తరగతి వాచకం కొనుక్కుని, సాయంత్రాలు గదిలో కూర్చుని, నా నోటిలో ఎప్పటినుంచో ఉన్న మాటలకు అక్షరాలు నేర్చుకున్నాను.

ఆయన ముత్తియాల్‌పేటలోనే ఉండిపోయారు. ఫోన్ ఉన్నా ఉత్తరం రాయడం ఆయనకు ఇష్టం. నేను తెలుగు నేర్చుకుంటున్నానని తెలిశాక తనకూ ఒక వాచకం పంపమన్నారు. ఆరు నెలల తర్వాత ఆయన దగ్గరి నుంచి మొదటి తెలుగు ఉత్తరం వచ్చింది. ఒక్కో అక్షరం రూపాయి బిళ్ళంత ఉంది. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు మా అత్త కన్నియమ్మాళ్ ఆ సంగతే చెప్పి నవ్వింది. పెళ్ళాం దగ్గర అఆలు దిద్దుకునే మొగుణ్ణి తానెక్కడా చూడలేదంది.

ఆయన బైండరు. మార్కెట్ వెనక ఒక చిన్న గదిలో బడి రిజిస్టర్లు, కాలేజీ పిల్లల రికార్డులు, మా పేట రీడింగ్ రూంలో చినిగిన పుస్తకాలు కుట్టేవారు. రీడింగ్ రూం చూసుకునే శివలింగం నెలకొకసారి సంచినిండా పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. వాటిలో ఏది ఎలాంటి పుస్తకమో ఆయన అట్ట చూసి చెప్పేవారు కాదు. పుస్తకాన్ని మూసి, కాగితాల అంచు వెలుగులోకి పెట్టి చూసేవారు. పదిమంది వేళ్ళు తగిలిన కాగితం అంచు మాసిపోతుంది. ఎవరూ తిప్పని కాగితం తెల్లగానే ఉంటుంది. ఒకసారి నాకూ చూపించారు.

"చూడు, ఈడ దాకా నలుపు. ఈడ్నించి తెలుపు. ఎక్కినోళ్ళంతా నలభయ్యో పేజీలో దిగేసినారు" అన్నారు.

చదివేవాళ్ళకు ఓపిక లేదేమో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. బండి సరిగా పోతుంటే నడిమధ్యలో ఎవరు దిగుతారని అడిగారు. ఆ నలభయ్యో పేజీ దగ్గర ఏముందో చూడాలని కుట్టు ఆపేసి చదువుతూ కూర్చునేవారు. పని ఆలస్యమయ్యేది. శివలింగం విసుక్కునేవాడు.

మూడేళ్ళ పాటు ఆయన ఏదో రాసుకుంటున్నారని తెలుసు. ఒక రోజు దాన్ని నీలం గుడ్డ వేసి బైండు చేసి, నేను వంట చేస్తుంటే తెచ్చి గట్టు మీద పెట్టారు. తెలుగులో, కాగితానికి ఒక వైపే రాసింది. తమిళంలో రాసి ఉంటే పేటంతా చదివేది. ఎందుకు తెలుగులో రాశారని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

యూనిట్ టెస్టులు జరుగుతున్న వారం అది. కాలాపేటలో బడి. పొద్దున బస్సులో వెళ్ళి సాయంత్రం బస్సులో వచ్చి, వంటయ్యాక పేపర్లు దిద్దేదాన్ని. పేపర్ల కట్ట పక్కన నీలం పుస్తకం పెట్టుకున్నాను. నాలుగు పేపర్లు దిద్దడం, ఒక పేజీ చదవడం. విల్లియనూరు నుంచి కాలాపేటకు నడిచే ఒక బస్సు కథ అది. కండక్టర్ పేరు ఏలుమలై. కథ డిపోలో మొదలయింది. డిపోలో ఎన్ని బండ్లు ఉన్నాయి, ఏ బండికి ఏ రంగు వేశారు, ఏ డ్రైవర్ ఎక్కడ కూర్చుని టీ తాగుతాడు, పాత గేటు తీసేసి కొత్త గేటు ఎప్పుడు పెట్టారు, అన్నీ ఉన్నాయి. బండి మాత్రం కదలలేదు. పద్నాలుగో పేజీ దగ్గర పుస్తకం మూసి పక్కన పెట్టాను. రేపు చదువుదామనుకున్నాను. మూడు వారాలు అలాగే అనుకున్నాను.

ఒక ఆదివారం ఆయన అడిగారు.

"చదివినావా?"

"చదివా. బాగుంది."

"అంతానా?"

"అంతా."

ఆయన పుస్తకం చేతిలోకి తీసుకుని ఒకసారి చూశారు. సరే, ఇక నా దగ్గరే ఉండనీ అని షాపుకు తీసుకెళ్ళారు. ఆ తర్వాత దాని మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఏదైనా అడుగుతారేమోనని భయం. ఎనిమిది నెలలకు ఒక మధ్యాహ్నం షాపులోనే కూర్చున్నచోట పక్కకు ఒరిగిపోయారు. గుండె అన్నారు. ఆయనకు యాభై నాలుగేళ్ళు.

ఏడాది కావడానికి పదిహేను రోజులున్నాయనగా శివలింగం ఇంటికి వచ్చాడు. రీడింగ్ రూం పుస్తకాలు కొన్ని షాపులో ఉండిపోయాయని, అడగడానికి ఇన్నాళ్ళూ మనసు రాలేదని చెప్పాడు. తాళం తీసుకుని వెంట వెళ్ళాను. మైదా బంక ఎండిపోయిన గిన్నె, సూదులు గుచ్చిన గుడ్డ, దారం ఉండలు, అన్నీ ఆయన పెట్టినచోటే ఉన్నాయి. శివలింగం తన పుస్తకాలు తీసుకుని, బయట నిలబడతానమ్మా అని వెళ్ళిపోయాడు. బల్ల మీది అలమారలో నీలం పుస్తకం కనిపించింది.

తీసి, ఆయన చేసినట్టే మూసి అంచు చూశాను. మొదట్లో కొన్ని కాగితాల మూలన ఎర్రటి మరకలు ఉన్నాయి. నా ఎర్ర సిరా. పేపర్లు దిద్దిన వేలితోనే పేజీలు తిప్పాను కదా. ఆ తర్వాత అంతా తెలుపు.

ఆ ఆదివారం ఆయన పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని చూసింది ఇదేనని అప్పుడు తెలిసింది. పుస్తకాల అంచులు చూసి బతికిన మనిషికి నేను అబద్ధం చెప్పాను.

ఇంటికి వచ్చేసరికి అత్త వసారాలో చేటనిండా మునగాకు పెట్టుకుని దూస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. కొడుకు పోయినప్పటి నుంచి మాట తగ్గించింది. ఆకు దూయడం, అప్పడాలు ఎండబెట్టడం, ఏదో ఒక పని చేతిలో ఉండాలి. సంచిలోని నీలం గుడ్డ చూసి గుర్తుపట్టింది.

"వాడి పుస్తకం గదా అది? ఏడాది లోపల నాకు చదివి వినిపీ నిర్మలా. నాకు చదువురా అంటే, ముందు నిర్మల చదవాల, ఆమీదట నీకు అన్నాడు. నువ్వైతే చదివేసినావు. నాకేం తెలుసు అందులో ఏముందో."

అట్లాగే అత్తా అన్నాను. మూడు రోజులు చదవలేదు. బడిలో పని ఉందన్నాను.

బడిలో గ్రంథాలయం పీరియడ్ నాదే. వారానికొకటి. బీరువా తెరిచి పుస్తకాలన్నీ నేల మీద పరిచి, పిల్లల్ని ఎంచుకోమంటాను. ఎవరు ఏది ఎందుకు తీస్తారో ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. కొందరు మందం చూస్తారు. కొందరు బొమ్మలు లెక్కపెడతారు. పక్కవాడు చదువుతూ నవ్వాడంటే ఆ పుస్తకం కోసం నలుగురు పోట్లాడుకుంటారు. ఏడో తరగతి కార్తిక చివరి పేజీ ముందు చదువుతుంది. ఆ వారం ఆమె ఒక పుస్తకాన్ని సగంలో తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మధ్యలో ఆపేస్తే తప్పా టీచర్ అని తమిళంలో అడిగింది. తప్పేమీ లేదు, ఇంకొకటి తీసుకో అన్నాను. ఆమె కదలలేదు. పుస్తకం అట్ట మీది పేరు చూస్తూ, ఆపేసిన సంగతి రాసినవాళ్ళకు తెలుస్తుందా అంది.

తెలియదు అని చెప్పాల్సింది. ఆ పుస్తకాన్ని నా సొరుగులో పెట్టి, మళ్ళీ కావాలంటే అడుగు అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే చేతులు కడుక్కుని నీలం పుస్తకం తీశాను. అత్త చేట దగ్గరికి లాక్కుంది.

ఆయన మాట్లాడినట్టే రాశారు. నేను చదువుతుంటే నా గొంతులో ఆయన మాట వినిపించడం నాకే కష్టంగా ఉంది. అందుకని ఆగకుండా, పిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు చదివాను. డిపో వచ్చింది. బండ్లు, రంగులు, గేటు వచ్చాయి. అత్త ఆకు దూస్తూనే ఉంది. చేతులు ఒక్కసారీ ఆగలేదు. పదో పేజీ అయ్యాక తల ఎత్తింది.

"అది సరే. ఆ బండి ఎప్పుడు బయల్దేరతాది?"

నాకు నవ్వు వచ్చింది. ఏడాదిగా రాని నవ్వు అది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అత్త కూడా నవ్వింది. కొడుకు చిన్నప్పుడూ అంతేనట. కూరలకు పంపితే కొట్టువాడి ఇంటి సంగతులన్నీ చెప్పి, చివర్లో కూర తేవడం మరిచిపోయానని చెప్పేవాడట.

పద్నాలుగో పేజీ అయింది. తిప్పడానికి నా చేయి రాలేదు. అత్త చూస్తోంది. తిప్పాను.

పదిహేనో పేజీ కాగితం వేరు. ముందున్నది కాస్త పసుపు తిరిగిన రిజిస్టర్ కాగితం. ఇది తెల్లది, కొత్తది. పుస్తకం మధ్యకు విప్పి చూస్తే ఇక్కడి కుట్టు దారం కూడా కొత్తగా ఉంది. ఏమిటో అప్పుడు అర్థం కాలేదు. చదివాను.

'ముత్తియాల్‌పేటలో ఒక టీచరమ్మ ఎక్కింది. చేతిలో పేపర్ల కట్ట. సీటు దొరికితే చాలు, కొట్టకుప్పం దాటేలోపల నిద్రపోతాది. పిల్లైచావడి వచ్చినప్పుడు ఏలుమలై పోయి సీటు కమ్మీ మీద మెల్లగా తడతాడు. చేయి తగలనీడు. ఆయమ్మ లేచి పేపర్లు సరి చేసుకొని, నిద్రపోనట్టే మొగం పెట్టుకొని కాలాపేటలో దిగతాది.'

అత్త చేతులు ఆగాయి. మునగరెమ్మ అలాగే వేళ్ళ మధ్య ఉండిపోయింది.

నేను నిజంగానే ఆ బస్సులో నిద్రపోతాను. ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. పిల్లైచావడిలో నన్ను లేపేది కండక్టర్ కాదు, పక్కన కూర్చునే చేపలమ్మే పూంగావనం. ఎప్పుడో ఒకసారి ఆమె షాపుకు వెళ్ళి చెప్పి ఉంటుంది, లేదా ఆయనే ఒక రోజు అదే బస్సు ఎక్కి వెనక నిలబడి ఉంటారు. ఇక తెలుసుకునే దారి లేదు.

చదువు అంది అత్త.

'డ్రైవర్‌కి కోపం వచ్చింది. ఏంది ఏలుమలై, నేను ఇంత బాగా తోల్తా ఉంటే ఆయమ్మ కిటికీలోనించి ఒక్కతూరి కూడా చూడదే అన్నాడు. ఏలుమలై చెప్పినాడు. నిద్రపోయినోళ్ళ మీద కోపం తెచ్చుకోకూడదయ్యా. ఆయమ్మ తెల్లారకముందే లేచి ఇంటి పనంతా చేసి వస్తాది. నువ్వు బాగా తోల్తావని నమ్మకం ఉండబట్టే నిద్రపోతాది. నమ్మకం లేని బండిలో ఎవురికీ నిద్ర రాదు.'

అక్కడ చదవడం ఆపేశాను. పుస్తకం మూయలేదు, అలాగే పట్టుకుని కూర్చున్నాను. వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయారు. చివరికి చెప్పాను.

"అత్తా, నేనిది చదవలా. ఆయన ఉన్నప్పుడు పద్నాలుగు పేజీలే చదివా. అంతా చదివినానని చెప్పినా."

అత్త రెమ్మను చేటలో పెట్టింది.

"నువ్వు ఎలక్షన్ డ్యూటీకి పోయినావే, ఆ పొద్దు వాడు దీన్ని ఇంటికి తెచ్చి ఈడనే కూర్చొని కుట్లు విప్పినాడు. కొత్తది ఎందుకురా విప్పేది అని అడిగినా. బండి దోవలో నిలిచిపోయిందమ్మా, దిగి తోస్తా ఉండా అన్నాడు. నాకేం అర్థం కాలా. వీడికేదో అయిందనుకున్నా."

"కోపంగా ఉన్నారా?"

"కోపమా? నోట్లో దారం పెట్టుకొని ఏదో కూనిరాగం తీస్తా కుడతా ఉన్నాడు. నాలుగు తూర్లు సూది పోగొట్టి నన్ను ఎతకమన్నాడు."

పదహారు పేజీలు. ఇలా కలిపి కుట్టే కాగితాల కట్టను బైండర్లు ఫారం అంటారు. నేను దిగిపోయిన చోట ఆయన కుట్టు విప్పి, ఒక ఫారం కొత్తగా రాసి కలిపి కుట్టారు. ముప్పయ్యో పేజీ తర్వాత మళ్ళీ పాత కాగితం వచ్చింది. పైన 15 అని వేసిన అంకె కొట్టేసి 31 అని దిద్ది ఉంది. ఆ పేజీలో మొదటి వాక్యం కూడా కొట్టేశారు. గీత కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. 'బండి బయల్దేరింది' అని ఉంది.

ఇంకొక్క కాగితం తిప్పి ఉంటే నేను అప్పుడే ఆ వాక్యం చూసేదాన్ని. చూస్తే చదివేదాన్నో లేదో చెప్పలేను. చదివి ఉండేదాన్నని ఇప్పుడు అనుకోవడం సులువు.

కుట్టడం అయ్యాక మళ్ళీ నా చేతికి ఎందుకు ఇవ్వలేదో కూడా ఆలోచించాను. ఇస్తే, చదవలేదని తనకు తెలిసినట్టు నాకు తెలిసిపోతుంది. అందుకే అలమారలో పెట్టి ఉంటారు. ఏదో ఒక రోజు నేనే అడుగుతానని అనుకున్నారేమో.

ఆ తర్వాత రోజూ చదివాం. ముప్పై ఒకటో పేజీ నుంచి బండి బాగా నడిచింది. మూడో సీటులో రోజూ గొడవపడే అన్నదమ్ములు, మేకపిల్లకు టిక్కెట్టు అడిగినందుకు ఏలుమలైని నిలదీసిన ముసలామె, పెళ్ళికి వెళ్తూ వేరే పెళ్ళి మండపం ముందు దిగిపోయిన పూలవాళ్ళు. అత్త కొన్నిచోట్ల ఆపి, వీడు ఫలానా వాడే అని మా పేటలో మనుషుల పేర్లు చెప్పేది. మేకపిల్ల ముసలామె తానేనని మాత్రం ఒప్పుకోలేదు. తాను తీసుకెళ్ళింది మేకపిల్ల కాదట, రెండు కోళ్ళట. సాయంత్రం నేను గేటు తీసేసరికి చేట పట్టుకుని సిద్ధంగా కూర్చునేది. చేటలో ఆకు ఎప్పుడూ సగం మిగిలిపోయేది. మరుసటి రోజు పొద్దున నేనే దూసి కూర వండేదాన్ని.

బడిలో కార్తిక తన పుస్తకం అడగనే లేదు. సొరుగులోంచి తీసి బీరువాలో పెట్టాను. అది ఆమె ఇష్టం.

సంవత్సరీకానికి ముందు రోజు సాయంత్రానికి ఆరు కాగితాలు మిగిలాయి. ఆ రోజు బడిలో ఎనిమిదో తరగతి పేపర్లు దిద్ది వచ్చాను. కుడిచేతి బొటనవేలికి, చూపుడువేలికి ఎర్ర సిరా అంటి ఉంది. రోజూ కడుక్కునే కూర్చునేదాన్ని. ఆ రోజు కడుక్కోలేదు.

కాలాపేట దగ్గర పడింది. ఎక్కినవాళ్ళలో చాలామంది దిగిపోయారు. ఏలుమలై వెనక సీటులో కూర్చుని కాళ్ళు చాపుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. నేను కూడా అక్కడ నెమ్మదిగా చదివాను. పేజీ తిప్పిన ప్రతిసారీ మూలన నా వేలి గుర్తు పడుతోంది. చివరి పేజీలో పాత సిరాతో రాసింది సగం దాకా ఉంది. దాని కింద కొంచెం చోటు వదిలి, కొత్త సిరాతో ఒక వాక్యం ఉంది.

'కాలాపేట వచ్చేసింది. నిద్రపోయినోళ్ళు ఉంటే మెల్లగా లేపండి.'

తల ఎత్తి చూస్తే అత్త గోడకు చేరబడి కళ్ళు మూసుకుని ఉంది. చేట ఒళ్ళో ఉంది. కాసేపు ఆమెనే చూశాను. తర్వాత చేట అంచు మీద మెల్లగా తట్టాను.

"అత్తా. వచ్చేసింది."

"నేనేం నిద్రపోలా" అంది కళ్ళు తెరవకుండానే. "కళ్ళు మూసుకొని వింటా ఉండా."

ఆ చివరి వాక్యం మళ్ళీ చదవమంది. చదివాను. ఇంకొకసారి చదవమంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, చేటలో మిగిలిన ఆకును వేళ్ళతో ఒకపక్కకు చేర్చింది. రేపు చుట్టాలొస్తారు, వంట పని చాలా ఉంటుంది, ఎల్లుండి నుంచి మళ్ళీ మొదలుపెడదామంది.

"ఆ డిపో కత మాత్రం వద్దులే. నేరుగా టీచరమ్మ ఎక్కే కాడ్నించి చదువు."

"ఉండనీ అత్తా" అన్నాను. "ఆయన ఉన్నప్పుడు నేను చదివింది ఆ పద్నాలుగు పేజీలే."